కనుచూపు దాటిన కాపలా: నెల్లూరు, ప్రకాశం తీరంలో నౌకాదళం ఎలా పనిచేస్తుంది

క్లుప్తంగా: ఈ రెండు జిల్లాల తీరంలో నౌకాదళానికి పెద్ద స్థావరం లేదు. కాపలా మాత్రం ఉంది. ఓడలు, జలాంతర్గాములు విశాఖపట్నం నుంచి వస్తాయి. విమానాలు తమిళనాడులోని అరక్కోణం నుంచి వస్తాయి. వాటి మధ్య మాటను ఉపగ్రహం కలుపుతుంది. ఆధునిక నౌకాదళంలో ఓడ, విమానం, ఆయుధం ఏది తీసుకున్నా అసలు సమస్య ఒక్కటే: అవతలివాడు మనల్ని పసిగట్టేలోపే మనం వాడిని పసిగట్టడం. ఈ లెక్క అర్థమైతే ఇక్కడ స్థావరం ఎందుకు లేదో, మత్స్యకారులకు హెచ్చరికలు ఎందుకు వస్తాయో, రొయ్యల ధరకూ ఎర్ర సముద్రానికీ సంబంధం ఏమిటో తెలుస్తుంది.

ఒడ్డు నుంచి కనిపించే ఓడ ఎవరిది?

సరిహద్దుల్లో టెన్షన్ పెరిగినప్పుడల్లా మైపాడు, పాకల, కొత్తపట్నం బీచ్‌ల నుంచి దూరాన కనిపించే ప్రతి ఓడా యుద్ధనౌకే అనిపిస్తుంది. నిజానికి వాటిలో ఎక్కువ కృష్ణపట్నం రేవుకు వచ్చిపోయే సరుకు ఓడలు. తెల్లటి ఒళ్లు, ముందు భాగంలో ఏటవాలు రంగు పట్టీలు, పక్కన పెద్ద అక్షరాల్లో కోస్ట్ గార్డ్ అనే పేరు కనిపిస్తే అది తీర రక్షక దళం ఓడ. ఆ దళానికి కృష్ణపట్నంలో స్టేషన్ ఉంది. స్మగ్లింగ్, అక్రమ చేపల వేట, ఆపదలో పడ్డ బోట్లు దాని పరిధిలోకి వస్తాయి. ఆయుధాలు కూడా ఆ పనికి తగ్గట్టు చిన్న తుపాకుల వరకే ఉంటాయి.

నౌకాదళం ఓడ బూడిద రంగులో ఉంటుంది. దాని ఒంటి మీద ఒక అక్షరం, పక్కన అంకె కనిపిస్తాయి. ఆర్ అంటే విమానవాహక నౌక, డి అంటే డిస్ట్రాయర్ అనే పెద్ద యుద్ధనౌక, ఎఫ్ అంటే దానికంటే కాస్త చిన్నదైన ఫ్రిగేట్. ఐఎన్‌ఎస్ విక్రాంత్ ఆర్11, ఐఎన్‌ఎస్ విశాఖపట్నం డి66. బైనాక్యులర్స్ ఉన్నవారు ఆ ఒక్క అక్షరంతో ఓడ రకం చెప్పేయొచ్చు.

కొరిశపాడు దగ్గర, సింగరాయకొండ దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద విమానాలు దిగేలా కట్టిన రన్‌వేలను కూడా కొందరు నేవీకి ముడిపెడుతుంటారు. అవి వాయుసేన అత్యవసర ఏర్పాట్లు. కొరిశపాడులో వాయుసేన ఇప్పటికే ట్రయల్స్ కూడా చేసింది.

చూపు ఎక్కడ ఆగుతుంది

భూమి గుండ్రంగా ఉండటం నౌకా యుద్ధంలో పెద్ద విషయం. ఒడ్డున నిలబడిన మనిషికి సముద్రపు అంచు సుమారు నాలుగున్నర కిలోమీటర్ల దూరంలోనే ఉంటుంది. ముప్పై మీటర్ల ఎత్తున్న ఓడ అయితే దాని పైభాగం 24 కిలోమీటర్ల వరకు కనిపిస్తుంది. దేశ ప్రాదేశిక జలాల హద్దు 12 నాటికల్ మైళ్లు, అంటే దాదాపు 22 కిలోమీటర్లు. మబ్బు లేని రోజున పాకల ఒడ్డు నుంచి పెద్ద ఓడ కొస మాత్రమే కనిపిస్తోందంటే అది కాస్త అటూ ఇటూగా ఆ హద్దు దగ్గర ఉన్నట్టే.

రాడార్‌కూ ఇదే ఇబ్బంది. రాడార్ తరంగాలు కొద్దిగా వంగుతాయి కాబట్టి కంటికంటే కొంచెం ఎక్కువ దూరం చూస్తాయి, అంతే. ఓడ మీద 25 మీటర్ల ఎత్తులో రాడార్ ఉందనుకుందాం. అలల మీద పది మీటర్ల ఎత్తులో వచ్చే క్షిపణిని అది సుమారు 33 కిలోమీటర్ల దూరంలో తప్ప చూడలేదు. రాడార్ ఎంత శక్తిమంతమైనదైనా అంతే, ఎందుకంటే మధ్యలో సముద్రమే అడ్డు.

మన నౌకాదళం వాడే బ్రహ్మోస్ క్షిపణి వేగం శబ్ద వేగానికి దాదాపు 2.8 రెట్లు, అంటే సెకనుకు 950 మీటర్లకు దగ్గర. ఆ 33 కిలోమీటర్లు దాటడానికి దానికి 35 సెకన్లు చాలు. ఆ కొద్ది వ్యవధిలోనే ఎదుటి ఓడ దాన్ని గుర్తించాలి, అది పక్షి కాదు, అల కాదు అని తేల్చుకోవాలి, తన క్షిపణిని వదలాలి. శబ్దం కంటే తక్కువ వేగంతో వచ్చే పాతరకం క్షిపణి అయితే రెండు నిమిషాలు దొరుకుతాయి. ఆ రెండు నిమిషాలు కూడా చాలని సందర్భాలున్నాయి. 1982 మే 4న ఫాక్లాండ్స్ యుద్ధంలో అర్జెంటీనా విమానం వదిలిన ఎగ్జోసెట్ క్షిపణి తగిలి బ్రిటిష్ డిస్ట్రాయర్ షెఫీల్డ్ తగలబడింది. 20 మంది చనిపోయారు. వారం తిరగకుండానే ఓడ మునిగిపోయింది. ప్రపంచ నౌకాదళాలు క్షిపణి రక్షణ మీద భారీగా ఖర్చు పెట్టడానికి ఆ ఒక్క ఘటన పెద్ద కారణం.

అందుకే రాడార్‌ను పైకి లేపాలి. కామోవ్-31 హెలికాప్టర్ కింద తిరిగే పెద్ద రాడార్ ఉంటుంది. అది మూడు వేల మీటర్ల ఎత్తుకు వెళితే అదే క్షిపణి విషయంలో చూపు హద్దు 240 కిలోమీటర్లకు జరుగుతుంది. అంత దూరం చూడగలగడం ఇక రాడార్ శక్తిని బట్టి ఉంటుంది. చేతిలో ఉన్న సమయం అర నిమిషం నుంచి గరిష్ఠంగా నాలుగు నిమిషాల దాకా పెరగొచ్చు.

డిస్ట్రాయర్ మీద ఏముంటుంది

ఐఎన్‌ఎస్ విశాఖపట్నం 2021లో నౌకాదళంలో చేరింది. అదే తరగతిలో మోర్ముగావ్, ఇంఫాల్, సూరత్ తర్వాత వచ్చాయి. ఓడ పొడవు 163 మీటర్లు, బరువు 7,400 టన్నులు. దాడికి 16 బ్రహ్మోస్ క్షిపణులుంటాయి. రక్షణ మాత్రం పొరలుపొరలుగా ఉంటుంది. దూరాన వచ్చేదాన్ని కూల్చడానికి 32 బరాక్-8 క్షిపణులున్నాయి. అవి తప్పితే 76 మిల్లీమీటర్ల తుపాకి, అదీ తప్పితే నిమిషానికి వేల గుళ్లు కురిపించే ఆరు గొట్టాల ఏకే-630 అందుకుంటాయి. వీటితో పాటు గాలిలోకి సన్నటి లోహపు పోగులు చల్లి క్షిపణి రాడార్‌ను తప్పుదారి పట్టించే ఏర్పాటు ఉంటుంది. ఈ పోగుల ఖర్చు చాలా తక్కువ. చాలాసార్లు ఓడను కాపాడేది ఇదే అయినా టీవీ చర్చల్లో దీని ఊసు రాదు.

సంఖ్యలు చూసి బలాన్ని లెక్కగట్టేవారు ఒక విషయం మరచిపోతారు. 32 క్షిపణులు అయిపోతే నడి సముద్రంలో మళ్లీ నింపుకోవడం దాదాపు కుదరదు, రేవుకు రావాల్సిందే. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో యెమెన్‌కు చెందిన హూతీ తిరుగుబాటుదారుల డ్రోన్ల మీద పాశ్చాత్య నౌకాదళాలు ఎంతో ఖరీదైన క్షిపణులు వాడాల్సి వచ్చినప్పుడు ఈ బలహీనత అందరికీ కనిపించింది. చవక డ్రోన్‌కు తుపాకి, ఖరీదైన క్షిపణికి క్షిపణి అన్న పద్ధతి వైపు ఇప్పుడు అందరూ మళ్లుతున్నారు.

నీటి కింద లెక్క వేరు

రాడార్ తరంగాలు ఉప్పునీటిలోకి చొరబడవు. నీటి కింద దూరం వెళ్లేది శబ్దమే. గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్లే శబ్దం, సముద్రంలో దాదాపు 1,500 మీటర్లు వెళుతుంది. వేగం బాగానే ఉంది కానీ అది తిన్నగా వెళ్లదు. నీటి వేడి, ఉప్పదనం, లోతు మారినకొద్దీ వంగిపోతుంది. ఎండాకాలం హైవే మీద వేడిగాలి వల్ల వెలుతురు వంగి ఎండమావి కనిపించినట్టే ఇది కూడా.

బంగాళాఖాతం ఈ విషయంలో మరీ చిక్కు. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ తెచ్చిపోసే మంచినీరు పైన తేలికపాటి పొరగా పరుచుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తీరం వెంట నీటి ప్రవాహం దక్షిణానికి సాగుతుంది కాబట్టి ఆ తక్కువ ఉప్పు నీరు మన వైపూ దిగుతుంది. ఇంకా కిందికి వెళితే నీరు ఒక్కసారిగా చల్లబడుతుంది. శబ్దం వదిలి, దాని ప్రతిధ్వని విని వెతికే పరికరం సోనార్. ఓడ అడుగున ఉన్న సోనార్ వదిలిన శబ్దం ఆ చల్లటి పొర దగ్గర కిందికి వంగి, కొంత దూరం తర్వాత నీడలాంటి ఖాళీ మిగులుతుంది. అనుభవమున్న జలాంతర్గామి కెప్టెన్ నక్కేది ఆ ఖాళీలోనే.

తీరానికి దగ్గరైతే మరో గొడవ. లోతు తక్కువ కావడంతో శబ్దం అడుగున తగిలి తిరిగొస్తుంది. మరబోట్ల ఇంజన్లు మోగుతుంటాయి. వెచ్చటి తీర జలాల్లో గోరుతో చిటికె వేసినట్టు చప్పుడు చేసే ఒక రకం రొయ్యలుంటాయి. అవి గుంపుగా ఉంటే సోనార్ ఆపరేటర్ చెవిలో నూనెలో పోపు పేలినట్టే. నెల్లూరు చెరువుల్లోని వనామీ మాత్రం కాదు, ఇది వేరే జాతి.

దీనికి విరుగుడు సోనార్‌ను పొర కిందికి దించడమే. ఓడ వెనక తాడుతో లాగే సోనార్, హెలికాప్టర్ నుంచి నీళ్లలోకి వేలాడదీసే సోనార్, విమానం జారవిడిచే సోనోబాయ్‌లు అన్నీ ఆ పనికే. అరక్కోణంలోని ఐఎన్‌ఎస్ రాజాలి స్థావరంలో ఉండే పి-8ఐ విమానాలు వందకు పైగా సోనోబాయ్‌లు మోసుకెళ్లగలవు. ఒక్కొక్కటి నీళ్లలో పడ్డాక మైక్‌ను నిర్ణయించిన లోతుకు దించి, విన్నదాన్ని రేడియోలో పైకి పంపుతుంది. వరుసగా వేసిన బాయ్‌లలో ఏది ముందు విన్నదీ, ఏది గట్టిగా విన్నదీ పోల్చి జలాంతర్గామి ఎటు పోతోందో తేలుస్తారు. అరక్కోణం నుంచి కృష్ణపట్నం గాలి దారిలో 140 కిలోమీటర్లే. ఆ విమానానికి అది పావుగంట లోపు పని. విశాఖ నుంచి మామూలు వేగంతో వచ్చే ఓడకు ఇక్కడికి పద్దెనిమిది గంటలు పడుతుంది.

తీర జలాల కోసమే కట్టిన కొత్త రకం ఓడ ఐఎన్‌ఎస్ అర్ణాల. 2025 జూన్ 18న విశాఖలో సేవలోకి వచ్చింది. సుమారు 77 మీటర్ల పొడవు, ప్రొపెల్లర్‌కు బదులు నీటిని వెనక్కి చిమ్మే వాటర్‌జెట్ దీని ప్రత్యేకత. లోతు తక్కువ చోట డిస్ట్రాయర్‌ను తిప్పడం ఖర్చూ, ప్రమాదమూ కాబట్టి ఇలాంటివి 16 కడుతున్నారు. వీటిలో కొన్ని పులికాట్‌కు దక్షిణాన ఉన్న కాట్టుపల్లి యార్డులో తయారవుతున్నాయి.

ఈ వేటలో పాత ఉదాహరణ ఇక్కడికి దగ్గరలోనే ఉంది. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ వెలుపల మునిగిపోయింది. అది అప్పటి విమానవాహక నౌక పాత విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చింది. అప్పటికే విక్రాంత్ అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది ఇంకా ఈ తీరంలోనే ఉందని నమ్మించేలా మన నౌకాదళం తప్పుడు సంకేతాలు వదిలింది. ఘాజీ ఎందుకు మునిగిందన్న దాని మీద రెండు దేశాల వాదనలు వేరు. కానీ అది వెతికిన చోట ఓడ లేదన్నది ఇద్దరూ ఒప్పుకునే నిజం.

ఉపగ్రహం, నేల మీది యాంటెన్నాలు

దూరాన చూసింది వెంటనే పంపలేకపోతే చూసి లాభం లేదు. నౌకాదళం కోసం తొలి ఉపగ్రహం జీశాట్-7ను 2013లో ఫ్రెంచ్ గయానా నుంచి ప్రయోగించాల్సి వచ్చింది. దాని స్థానంలోకి వచ్చిన, 4,400 కిలోల బరువున్న సీఎంఎస్-03ని 2025 నవంబరు 2న శ్రీహరికోట నుంచే ఎల్‌వీఎం-3 రాకెట్ మోసుకెళ్లింది. జిల్లాల విభజనకు ముందు శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోదే.

నీటి లోపల ఉన్న జలాంతర్గామికి మాత్రం ఉపగ్రహ సంకేతం అందదు, దాని కోసం పైకి వస్తే దొరికిపోయే ప్రమాదం ఉంది. నీటి పైపొరలోకి కొన్ని మీటర్లు దిగగలిగేవి అతి తక్కువ పౌనఃపున్యపు రేడియో తరంగాలు. వాటికి పెద్ద పెద్ద యాంటెన్నాలు కావాలి. తమిళనాడులో ఇప్పటికే ఒకటుంది. తెలంగాణలోని వికారాబాద్ దామగుండం అడవిలో రెండోదానికి 2024 అక్టోబరులో శంకుస్థాపన జరిగింది. సముద్రానికి అంత దూరాన నౌకాదళం ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే. చెట్ల నరికివేత మీద వచ్చిన అభ్యంతరాలు వేరే చర్చ.

కృష్ణపట్నం ఎందుకు స్థావరం కాలేదు

లోతు చూస్తే కృష్ణపట్నం దేశంలోని మంచి రేవుల్లో ఒకటి. రామాయపట్నంలోనూ కొత్త రేవు కడుతున్నారు. మరి నౌకాదళం ఇక్కడికి ఎందుకు రాలేదు? మొదటిది నేల తీరు. విశాఖకు డాల్ఫిన్స్ నోస్ కొండ అడ్డు. 1933లో తెరుచుకున్న లోపలి హార్బర్ బయటి నుంచి కనిపించదు, అలలు తగలవు. నెల్లూరు, ప్రకాశం తీరం తిన్నగా, ఇసుకతో, చదునుగా ఉంటుంది. ఇసుక ఏడాది పొడవునా తీరం వెంట కదులుతుంటుంది. రేవు నోటిని తవ్వుతూ, రాళ్ల గట్లు కాపాడుకుంటూ ఉండాలి. సరుకు రవాణా ఆదాయంతో ఆ ఖర్చు రాబట్టొచ్చు. స్థావరానికి ఆదాయం ఉండదు.

రెండోది, బహుశా ఇంకా బలమైన కారణం, ఓడ చుట్టూ ఉండాల్సిన వ్యవస్థ. విశాఖలో హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది, టార్పెడోలు (నీటి కింద దూసుకెళ్లే ఆయుధాలు) రూపొందించే పరిశోధనశాల ఉంది, డ్రై డాక్‌లున్నాయి, 1968 నుంచి తూర్పు నౌకాదళ కమాండ్ ఉంది. వరుణాస్త్ర టార్పెడో పుట్టింది అక్కడే. యుద్ధనౌక తన జీవితంలో చాలా కాలం మరమ్మతుల్లో గడుపుతుంది, కాబట్టి మెకానిక్‌లున్న చోటే దానికి ఇల్లు. అన్నీ ఒకేచోట ఉండటం ప్రమాదం కనుక అనకాపల్లి జిల్లా రాంబిల్లి దగ్గర మరో స్థావరం కడుతున్నారు. అది కూడా విశాఖకు అందుబాటులోనే ఉంది.

ఈ జిల్లాలకు వచ్చే అవకాశం స్థావరం రూపంలో కంటే తయారీ రూపంలోనే ఎక్కువ. ప్రకాశం జిల్లా దొనకొండలో రెండో ప్రపంచ యుద్ధం నాటి పాత ఎయిర్‌ఫీల్డ్, విస్తారమైన ఖాళీ భూములు ఉన్నాయి. రక్షణ పరిశ్రమల ప్రతిపాదనల్లో ఆ పేరు తరచూ వినిపించడానికి కారణం అదే.

పోపు నూనె నుంచి రొయ్యల దాకా

మోటుపల్లిలో 1244లో కాకతి గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం, ఒడ్డున పడ్డ ఓడల సరుకును రాజులు లాక్కునే పద్ధతిని ఆపి, నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని వర్తకులకు మాటిచ్చింది. సముద్ర వ్యాపారానికి భరోసా అప్పుడూ ఇప్పుడూ అవసరమే. భరోసా ఇవ్వాల్సిన దూరం మాత్రం బాగా పెరిగింది.

కృష్ణపట్నం చుట్టుపక్కల వంటనూనె శుద్ధి కర్మాగారాలున్నాయి. వాటికి పామాయిల్ ఇండోనేసియా, మలేసియాల నుంచి అండమాన్ మీదుగా, సన్‌ఫ్లవర్ నూనె నల్ల సముద్రం నుంచి సూయజ్, ఎర్ర సముద్రం మీదుగా రావాలి. పక్కనే ఉన్న నేలటూరు థర్మల్ కేంద్రం సముద్రం మీదుగా వచ్చే బొగ్గు మీద నడుస్తుంది. హూతీ దాడులప్పుడు ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ప్రయాణం పది రోజుల నుంచి రెండు వారాలు పెరిగింది, కిరాయిలు, బీమా పెరిగాయి. ఐరోపాకు వెళ్లే రొయ్యల కంటైనర్‌కూ అదే దెబ్బ. శీతలీకరణ కంటైనర్‌కు రోజులు పెరిగితే కరెంటు ఖర్చు కూడా పెరుగుతుంది.

ఆ రోజుల్లో మన డిస్ట్రాయర్లు చేసిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 2024 జనవరిలో క్షిపణి తగిలి మండుతున్న మార్లిన్ లువాండా ట్యాంకర్‌కు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం సిబ్బంది వెళ్లి మంటలు ఆర్పడంలో సాయం చేశారు. మార్చిలో ఐఎన్‌ఎస్ కోల్‌కతా, గాలిలోంచి దిగిన మెరైన్ కమాండోలు కలిసి రుయెన్ అనే ఓడను పైరేట్ల నుంచి విడిపించి 35 మందిని పట్టుకున్నారు. 16 బ్రహ్మోస్‌లు మోసే ఓడ చేసింది ఎక్కువగా పోలీసు, ఫైర్ ఇంజన్ పనులే. శాంతికాలంలో నౌకాదళం ఖర్చుకు దక్కే ఫలితం ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

మత్స్యకారుల మీద ప్రభావం

2008 ముంబై దాడుల్లో ఉగ్రవాదులు వాడుకున్నది ఒక చేపల బోటునే. ఆ తర్వాత తీర భద్రత మొత్తం బాధ్యతను 2009లో నౌకాదళానికి అప్పగించారు. తీరంలో రాడార్లు, మెరైన్ పోలీస్ స్టేషన్లు, మత్స్యకారులకు కార్డులు వచ్చాయి. సాగర్ కవచ్ విన్యాసాల్లో ఉగ్రవాదుల వేషంలో బోటులో వచ్చే సిబ్బందిని తీరంలో పట్టుకోవడం ఈ జిల్లాల్లో మామూలే. వీటిలో మత్స్యకారుల సమాచారమే చాలాసార్లు ముందుగా అందుతుంది. తమిళనాడు నుంచి ఎక్కువ హార్స్‌పవర్ ఇంజన్లతో వచ్చే సోనా బోట్లతో ఏళ్లుగా గొడవ పడుతున్నవారికి, కొత్త బోటు ఏదో దూరం నుంచే తెలిసిపోతుంది.

ఎక్కువ గందరగోళం క్షిపణి పరీక్షల హెచ్చరికల వల్ల వస్తోంది. విమానాలకు నోటామ్, ఓడలకు నావేరియా హెచ్చరిక విడుదలవుతాయి. హిందూ మహాసముద్రంలో మన ప్రాంతానికి సంబంధించినవి డెహ్రాడూన్‌లోని జల సర్వే కార్యాలయం జారీ చేస్తుంది. వందల, ఒక్కోసారి వేల కిలోమీటర్ల పొడవున్న ఎర్ర గీతల మ్యాప్ వాట్సాప్‌లో తిరిగితే యుద్ధం వచ్చేస్తోందన్న టెన్షన్ మొదలవుతుంది. ఆ ఆకారం క్షిపణి ఎక్కడ పడుతుందో చెప్పదు. దారి తప్పినా, మధ్య దశలు రాలినా ఎవరికీ తగలకుండా ఖాళీ చేయించిన ప్రాంతం అది. తేదీలు నాలుగైదు రోజులు ఇస్తారు. చాలాసార్లు వాటిలో ఒక్కరోజే పరీక్ష జరుగుతుంది, కొన్నిసార్లు అసలు జరగదు. అలాంటి మ్యాప్ బయటికి వచ్చాక చైనా పరిశోధన నౌకలు హిందూ మహాసముద్రంలోకి రావడం కూడా గమనించారు. 2022 ఆగస్టులో క్షిపణులను, ఉపగ్రహాలను గమనించగల చైనా నౌక యువాన్ వాంగ్-5 శ్రీలంకలోని హంబన్‌టోటాకు చేరినప్పుడు ఢిల్లీ ఆందోళన పడింది అందుకే.

ఫైబర్ బోటులో వెళ్లేవారు తీరానికి దగ్గరలోనే ఉంటారు కాబట్టి ఈ పరిధుల్లోకి అరుదుగా వస్తారు. లోతు నీటికి రోజుల తరబడి వెళ్లే మరబోట్లకే ఇబ్బంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధంలో పడితే నష్టం ఉండదు. వేట బాగా సాగే నెలల్లో వస్తే డీజిల్, ఐస్ ఖర్చు పోసి బయలుదేరినవారికి మధ్యలో వెనక్కి రమ్మనడం నేరుగా జేబు మీద పడుతుంది. హెచ్చరిక అక్షాంశ రేఖాంశాల్లో వస్తుంది, మత్స్యశాఖ చేతుల మీదుగా ఊరికి చేరేసరికి బోటు ఒడ్డు దాటేస్తే ఇంక అందదు. 2024 ఆగస్టులో మొదలైన కేంద్ర పథకం కింద దేశవ్యాప్తంగా లక్ష బోట్లకు ఉచితంగా అమరుస్తున్న ఉపగ్రహ ట్రాన్స్‌పాండర్ల ప్రయోజనం ఇక్కడే. బోటు ఎక్కడున్నా ఫోన్ సిగ్నల్ లేకుండానే సందేశం వెళుతుంది, ఆపద అయితే అటు నుంచీ వస్తుంది. జువ్వలదిన్నె లాంటి కొత్త హార్బర్ల నుంచి వెళ్లే మరబోట్లలో ఎన్నింటిలో ఇవి పనిచేస్తూ ఉంటాయన్నదాన్ని బట్టే ఎర్ర గీతల మ్యాప్ వల్ల వచ్చే నష్టం తగ్గుతుంది.